రాసిచ్చేయకండి... రాసిపెట్టుకోండి!

మొన్న వేసవిలో, సరిగ్గా ఆవకాయల రోజుల్లో, రాజమండ్రిలో మా పిన్ని ఇంటికి వెళ్ళాను. పిన్నికి 69 ఏళ్ళు దాటాయి. మోకాళ్ళ నొప్పులంటూనే ఇప్పటికీ కాయ దగ్గరుండి కొట్టించి, పీట వేసుక్కూర్చుని స్వయంగా కలుపుతుంది. నేను వెళ్ళేసరికి వంటింట్లో గోడవారగా నాలుగు జాడీలు, వాసెన గుడ్డలు కట్టి, ఒక్కోదానికీ చీటీ అంటించి ఉన్నాయి. పెద్దాడికి కారం ఎక్కువది, చిన్నాడికి వెల్లుల్లి వేయనిది, అమ్మాయికి బెల్లం ఆవకాయ. నాలుగోది తనకి.

"చీటీలెందుకు పిన్నీ, నీకు తెలీదూ?" అన్నాను.

"నాకు తెలుసులేవే. రేపు నాకేదైనా అయితే వాళ్ళకి తెలియొద్దూ? జాడీల దగ్గర తగువు పడితే నలుగురూ నవ్విపోతారు" అంది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. "పెద్దాడు ఇల్లు తన పేర రాసిచ్చేయమంటున్నాడే. బ్యాంకు లోను తీసుకుని మేడ మీద వాటా వేస్తాడట. సోమవారం రిజిస్ట్రారాఫీసుకి వెళ్దామన్నాడు. సంతకమేగా, పెట్టేస్తాను."

"ఇల్లు ఎవరి పేర ఉంది పిన్నీ?"

"మీ బాబాయి పేరనే. ఆయన పోయి మూడేళ్ళయినా మార్పించలేదు. ఆయన తరవాత నాదేగా!"

జాడీల మీద చీటీలు అంటించిన మనిషి, ఇంటి కాగితాలు మూడేళ్ళుగా ముట్టుకోలేదు! పిన్నినని ఏం లాభం? మనలో నూటికి తొంభై మందిమి అంతే కదూ? పప్పులూ ఉప్పులూ అయితే ఏడాదికి సరిపడా సర్దుకుంటాం. ముసలితనానికి కావలసిన కాగితాలు మాత్రం "ఇప్పుడేం తొందర?" అని అటక మీద పడేస్తాం.

ఇల్లు పిన్నిదేనా?

మర్నాడు పిన్ని వద్దంటున్నా వినకుండా, నాకు తెలిసిన ఓ లాయరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. కాగితాలు చూసి ఆవిడ చెప్పిన మొదటి మాటకే పిన్ని ముఖం పాలిపోయింది. "అమ్మా, ఇల్లంతా రాసిచ్చేయడానికి, ఇల్లంతా మీది కాదు."

బాబాయి ఆ ఇల్లు సొంత సంపాదనతో కట్టారు. వీలునామా రాయకుండా పోయారు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ, కొడుకులకీ, కూతుళ్ళకీ, చనిపోయినాయన తల్లి బతికుంటే ఆవిడకీ, అందరికీ సమాన వాటాలు. బాబాయి తల్లి ఎప్పుడో పోయింది కాబట్టి పిన్నికి నాలుగో వంతు, ముగ్గురు పిల్లలకీ తలా నాలుగో వంతు.

"అమ్మాయికి పెళ్ళప్పుడే పెట్టాల్సినవన్నీ పెట్టేశాం కదమ్మా" అంది పిన్ని. "పెట్టినవి పెట్టినట్టే, వాటా వాటాయే" అని నవ్విందావిడ.

అన్నట్టు, ఇది సొంత సంపాదన సంగతి. తాత ముత్తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తిలో కూడా పెళ్ళికాని ఆడపిల్లలకి కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ, ఎన్.టి.రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లోనే మన రాష్ట్రం చట్టం చేసింది. అది 1985 సెప్టెంబరు నుంచి అమలైంది. 2005లో దేశమంతటికీ, పెళ్ళయిన కూతుళ్ళకి కూడా ఆ హక్కు వచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండకపోయినా ఆ హక్కు వర్తిస్తుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

సోమవారం సంతకం... మరి మంగళవారం?

తరవాత లాయరమ్మ ఇంకో ప్రశ్న వేసింది. "మీ వాటా అయినా సరే, సోమవారం సంతకం పెట్టేశారనుకోండి. మంగళవారం నుంచి మీరు ఆ ఇంట్లో ఏ హక్కుతో ఉంటారు?"

"అదేం ప్రశ్నమ్మా, తల్లిని కదూ! నా కొడుకు నన్ను గెంటేస్తాడా?" అని పిన్నికి కోపమొచ్చింది.

"గెంటేస్తాడని నేననడం లేదు. మీ అబ్బాయి బంగారమే అనుకుందాం. ఆయన వ్యాపారమో, ఉద్యోగమో దెబ్బతిని లోను కట్టలేకపోతే బ్యాంకు వాళ్ళు వేలం వేసేది ఏ ఇల్లు? దేవుడు చల్లగా చూడాలి గానీ, ఆయనకే ఏదైనా అయితే ఆ ఇంట్లో మీకు మిగిలేది ఒక వాటా మాత్రమే. మిగతాది మీ కోడలిదీ, మనవలదీ. వాళ్ళు అమ్ముకుంటామంటే? కొడుకు మంచివాడైనంత మాత్రాన ఇల్లు భద్రంగా ఉంటుందని కాదమ్మా."

పిన్ని మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అప్పటిదాకా ఆ ఆలోచన రాలేదు. కాగితం రాసుకోవడమంటే కొడుకుని అనుమానించడమే అనుకుంటాం. మనం చూసుకోవలసింది కొడుకు మనసు ఒక్కటే కాదు. కొడుకు తలరాత కూడా!

ఇక్కడే మనందరం ఒకటి తెలుసుకోవాలి. దానపత్రం, సెటిల్‌మెంటు దస్తావేజు రాసి రిజిస్టరు చేయిస్తే, ప్రత్యేకంగా షరతులేమీ రాసుకోకపోతే ఆస్తి ఆ రోజే చేతులు మారిపోతుంది. "మనసు మారింది, తిరిగి ఇచ్చెయ్" అంటే కుదరదు. వీలునామా అలాక్కాదు. అది మన తరవాతే అమల్లోకి వస్తుంది. మనం ఉన్నన్నాళ్ళూ ఇల్లు మనదే. ఎన్నిసార్లయినా మార్చి రాసుకోవచ్చు. చివరిగా రాసిందే చెల్లుతుంది. మొదటిది రాసిచ్చేయడం, రెండోది రాసిపెట్టుకోవడం. ఈ తేడా తెలియకే ఎంతోమంది తల్లులు ఉన్న ఇంట్లోనే చుట్టాల్లా బతుకుతున్నారు.

ఇవ్వక తప్పకపోతే...

కొందరికి బతికుండగానే ఇవ్వాల్సిన అవసరం వస్తుంది. అలాంటప్పుడు దస్తావేజులో రెండు మాటలు రాయించందే సంతకం పెట్టకండి. ఒకటి, "నా జీవితాంతం ఈ ఇంట్లో ఉండే హక్కు, అనుభవించే హక్కు నాదే" అని. రెండు, "నా తిండి, బట్ట, వైద్యం, బాగోగులు చూసుకోవాలనే షరతు మీద ఇస్తున్నాను" అని.

ఆ రెండో మాటకి పెద్ద బలం ఉంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో కేంద్రం ఓ చట్టం తెచ్చింది. అందులో 23వ సెక్షను ఉంది. 60 ఏళ్ళు నిండినవారు, ఆ చట్టం వచ్చాక, బాగోగులు చూడాలనే షరతుతో ఆస్తి ఇస్తే, తీసుకున్నవాళ్ళు చూడకపోతే, ట్రిబ్యునల్ ఆ దస్తావేజుని రద్దు చేయవచ్చు. మన వైపు ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో గారే. పెద్ద కోర్టుల చుట్టూ తిరగక్కర్లేదు, లాయరు ఉండి తీరాలనీ లేదు.

అయితే షరతు ఉందని తేలకపోతే ఈ సెక్షను వర్తించదని 2022లో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కి చెందిన ఓ తల్లి కేసులో, ఇది పెద్దవాళ్ళ మేలు కోసం చేసిన చట్టం, దాన్ని ఉదారంగానే అర్థం చేసుకోవాలని చెప్పి, కొడుక్కి రాసిన దానపత్రాన్ని రద్దు చేసింది. కోర్టులు దయ తలుస్తాయి గదా అని మనం ఊరుకోకూడదు. ఆ ఒక్క వాక్యం రాయించుకుంటే ఇన్నేళ్ళ తిరుగుడు ఉండదు కదా!

ఇదే చట్టం కింద, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల నుంచి నెలనెలా భరణం కోరుతూ అర్జీ పెట్టుకోవచ్చు. కొడుకుల మీదే కాదు, కూతుళ్ళ మీదా బాధ్యత ఉంది. చట్టంలో రాసిన గరిష్ఠ మొత్తం నెలకి 10,000 రూపాయలు. పిల్లలు లేని పెద్దవాళ్ళయితే, వారి ఆస్తి ఎవరికి వస్తుందో ఆ బంధువుల మీద అర్జీ వేయొచ్చు.

వీలునామా ఎలా రాయాలి?

"వీలునామా అంటే స్టాంపు కాగితాలూ, బోలెడు ఖర్చూ కదమ్మా?" అని అడిగింది పిన్ని. అదేం లేదట. తెల్ల కాగితం చాలు. తెలుగులోనే రాయొచ్చు, మన చేతిరాతే మేలు కూడా. స్టాంపు డ్యూటీ లేదు. కానీ కొన్ని జాగ్రత్తలున్నాయి.

మనం సంతకం పెట్టేటప్పుడు ఇద్దరు సాక్షులు చూడాలి. వాళ్ళిద్దరూ మన ఎదుటే సంతకాలు పెట్టాలి. సాక్షి లేని వీలునామా చిత్తుకాగితంతో సమానం. ఆస్తి రాబోయే వాళ్ళని సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. ఇంకో చిట్కా: మీకంటే చిన్నవాళ్ళని సాక్షులుగా ఎంచుకోండి. రేపు తగాదా వస్తే, బతికున్న సాక్షి ఒక్కరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. 80 ఏళ్ళ పక్కింటి తాతగారిని పెడితే ఆయనెక్కడ దొరుకుతారు?

రిజిస్టరు చేయించాలని చట్టం బలవంతపెట్టదు. చేయిస్తే మాత్రం తరవాత "ఇది అమ్మ సంతకం కాదు" అనే నోళ్ళు చాలావరకు మూతపడతాయి. సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఎప్పుడైనా చేయించుకోవచ్చు, గడువంటూ లేదు. రిజిస్టరు చేసిన వీలునామాని కూడా మళ్ళీ మార్చుకోవచ్చు. వయసు బాగా పైబడితే, తెలివిగా, స్థిమితంగా ఉన్నారని ఆ రోజు తేదీతోనే డాక్టరు చేత సర్టిఫికెట్ రాయించి జత చేయండి.

ఎవరికి ఎంత ఇస్తున్నారో, ఎవరికైనా తక్కువ ఇస్తుంటే ఎందుకో ఒక్క ముక్క రాయండి. నగలూ, వెండి సామానూ కూడా మర్చిపోకండి. ఎన్నో ఇళ్ళలో పొలాల దగ్గర రాని తగువు వడ్డాణం దగ్గర వస్తుంది! రాసిన కాగితం లాకరులో ఒక్కచోటే పెట్టి తాళం వేయకండి. అది ఎక్కడుందో నమ్మకమైన మనిషికి ఒకరికైనా తెలియాలి.

ముస్లిం సోదరీమణులు ఒకటి గమనించాలి. వారి ధర్మశాస్త్రం ప్రకారం వారసుల అంగీకారం లేకుండా మూడో వంతుకి మించి వీలునామా రాయడానికి లేదు. క్రైస్తవ సోదరీమణులు పెళ్ళికి ముందు వీలునామా రాసి ఉంటే, పెళ్ళితో అది రద్దవుతుంది. మళ్ళీ రాసుకోవాలి.

పిల్లలు లేని అక్కచెల్లెళ్ళు ముఖ్యంగా వినండి

భర్త పోయి, పిల్లలు లేని హిందూ స్త్రీ వీలునామా రాయకుండా కన్నుమూస్తే, ఆవిడ ఉద్యోగం చేసి సంపాదించుకున్న ఆస్తి కూడా ముందు వెళ్ళేది అత్తింటివారికే. అంటే భర్త వారసులకి. చివరిదాకా దగ్గరుండి చూసుకున్న కన్నతల్లికి గానీ, చెల్లెలికి గానీ కాదు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చింది మాత్రం తండ్రి వారసులకి తిరిగి వెళుతుంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు సైతం, ఇలాంటి తగాదాలు రాకుండా ఆడవాళ్ళు వీలునామాలు రాసుకోవాలని కోరింది. ఒక్క కాగితంతో పోయేదానికి ఇంత అన్యాయం ఎందుకు జరగనివ్వాలి?

బతికుండగానే చేతకాకపోతే?

ఈ ప్రశ్న పిన్నే అడిగింది. "పోయాక సంగతి సరే. మంచాన పడి, మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితి వస్తే?" వాళ్ళత్తగారు ఆఖరి నాలుగేళ్ళూ అలాగే గడిపింది మరి.

చాలామంది పవరాఫ్ అటార్నీ రాస్తే సరిపోతుందనుకుంటారు. కానీ రాసిన మనిషికి మతి తప్పితే మామూలు పవరాఫ్ అటార్నీ చెల్లదు. చనిపోయినా అంతే. సరిగ్గా అవసరం పడే వేళకి అది పనికిరాదన్నమాట! అప్పుడు కోర్టుకెళ్ళి సంరక్షకుణ్ణి నియమించుకోవాలి. అందుకే రోజువారీ ఖర్చులకి, మందులకి సరిపడే డబ్బు ఒక జాయింటు అకౌంటులో ఉంచుకోండి. ఇద్దరిలో ఎవరైనా తీసుకునే పద్ధతిలో ఉండాలి. మొత్తం డబ్బు మాత్రం అందులో పెట్టకండి.

నామినీ సంగతి కూడా చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలొచ్చింది. అయితే బ్యాంకు నామినీ అంటే డబ్బు అందుకునే మనిషే గానీ, సొంతదారు కాదు. వారసులకీ, వీలునామాలో ఉన్నవాళ్ళకీ లెక్క చెప్పాల్సిందే. కాబట్టి నామినీ పేరూ, వీలునామాలో పేరూ ఒకటే అయితే గొడవ ఉండదు.

ఇక మెషిన్ల మీద ఊపిరి సాగదీసే వైద్యం తనకి వద్దనుకునేవారు ఆ మాట ముందే రాసి ఉంచుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ ఆఫీసరు గానీ ధ్రువీకరిస్తే చాలు. ఆసుపత్రి వరండాలో పిల్లలు "అమ్మ ఏం కోరుకునేదో" అని ఒకరి ముఖం ఒకరు చూసుకునే బాధ తప్పుతుంది.

పిన్ని ఏం చేసింది?

సోమవారం రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళలేదు. ఆ రాత్రే పెద్దాడి నుంచి నాకు ఫోను. "ఏంటక్కా, అమ్మకి ఏం ఎక్కించావు? నేనేమైనా పరాయివాణ్ణా?" గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది. నేనూ తడబడ్డాను. ఫోను పిన్నే లాక్కుంది. "ఒరేయ్, నువ్వు పరాయివాడివైతే ఎవడో మోసం చేశాడనుకుని ఊరుకుందును. నా కొడుకువి కాబట్టే నీకు ఆ మాట రాకూడదని ఆగాను" అంది. అవతల నుంచి చాలాసేపు మాట లేదు.

దసరాకి ముగ్గురు పిల్లలూ వచ్చారు. కాగితాల సంచి నడింట్లో పెట్టుకుని అందరూ కూర్చున్నారు. అమ్మాయే ముందు అంది, "అమ్మ ఉన్నన్నాళ్ళూ ఇల్లు అమ్మదే. నా వాటా అమ్మకి వదిలేస్తాను" అని. చిన్నాడు సరేనన్నాడు. పెద్దాడు రెండు రోజులు ఆలోచించుకుని ఒప్పుకున్నాడు. ముగ్గురూ తమ వాటాలు తల్లికి వదులుకుంటూ హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయించారు. ఆ తరవాత పిన్ని తన చేత్తో వీలునామా రాసింది. పెద్దాడు తన ఖర్చుతో మేడ మీద వేసుకునే గదులు వాడికే, కింది ఇల్లు మిగతా ఇద్దరికీ. ఇల్లు బ్యాంకులో పెట్టకుండా, ఉన్నంతలో రెండు గదులు వేసుకుంటానన్నాడు పెద్దాడు. వాడి ముఖం ఇంకా పూర్తిగా విచ్చుకోలేదనుకోండి. సర్దుకుంటాడులెండి.

అందరికీ ఇదే దారి అని చెప్పను. ఒక్కో ఇంటిది ఒక్కో కథ. స్టాంపు ఖర్చులు దస్తావేజుని బట్టి మారతాయి, ముందే అడిగి తెలుసుకోండి. లాయరు ఫీజుకి భయపడక్కర్లేదు. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయసేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోను చేయండి. పెద్దవాళ్ళ కష్టసుఖాలకి 14567 ఉంది.

ఈ ఆదివారం చేయాల్సిన పనులు

• ఇంటి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, పన్ను రసీదులు, పాస్‌బుక్కులు, ఇన్సూరెన్సు బాండ్లు ఒక్క సంచిలో పెట్టండి. సంచి ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పండి.

• ఇల్లు, పొలం ఎవరి పేర ఉన్నాయో మీ కళ్ళతో చదవండి. పోయినవాళ్ళ పేరే ఉంటే మార్పించే పని మొదలెట్టండి.

• ప్రతి అకౌంటుకీ నామినీ ఉన్నారో లేదో, ఉంటే ఇంకా బతికున్నారో లేదో చూడండి.

• వీలునామా ఒంట్లో బాగున్నప్పుడే రాయండి. మీరే కాదు, మీవారి చేత కూడా రాయించండి.

• చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. తెచ్చింది కన్నకొడుకైనా, కూతురైనా "రేపు పెడతాను నాన్నా" అనండి. ఒక్కరోజులో కొంపలేం మునగవు.

అన్నట్టు, పిన్ని అమ్మాయికి పంపిన బెల్లం ఆవకాయలో సగం నా వాటాకొచ్చింది. చీటీ మీద నా పేరు లేదు గానీ, అమ్మాయి మనస్ఫూర్తిగానే ఇచ్చింది లెండి!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. ఈలోగా మీ ఇంటి కాగితాల సంచి అటక మీంచి ఓసారి దించండేం?